మోకాళ్ళ గోలీలు

మా అత్తమ్మను నేను మంచిగ చూసుకుంటున్నని చుట్టాలందరు మెచ్చుకున్న రెండేండ్లు ఉన్నయి. ఆమె ఒంటికి అన్నిటికంటె ఎక్కువ చేటు జరిగింది కూడ ఆ రెండేండ్లల్లనే. ఈ మాట పైకి చెప్పుకునేటందుకు నాకు చాన కాలం పట్టింది. చెప్పినంక కూడ మా ఇంట్ల ఇనేటోళ్ళు లేకపోయిరి.

నేను హన్మకొండల పీయూసీ చదువుతుండంగ అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం వచ్చింది. కాలేజీలు మూతబడ్డయి. మేమూ రోడ్డు మీదికొచ్చి నినాదాలిచ్చినం, లాఠీలకు భయపడి సందుల్ల పడి ఉరికినం. ఇయ్యాల తెరుస్తరు, రేపు తెరుస్తరు అనుకుంటనే ఏడాది పోయింది. పిల్ల ఇంట్ల ఖాళీగ కూసుండి ఏం చేస్తదని మా నాయిన సంబంధాలు చూసిండు. కాలేజీ తెరిచేటాలకు నేను మానుకోటల కోడలినైన. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటం. మా ఆయన అక్కడ సమితి ఆఫీసుల క్లర్కు. నాకు నర్సు ట్రైనింగు పోవాలని ఉండె. ఆ ముచ్చట నన్నెవరు అడగలేదు, నేనెవరికి చెప్పలేదు.

మా అత్తగారోళ్ళది నర్సింహులపేట దిక్కు ఒక పల్లె. భూములున్న ఇల్లు. మామ పోయినంక భూమి కౌలుకిచ్చి అత్తమ్మ మా దగ్గరికొచ్చింది. మా బావ, అంటే మా ఆయన అన్న, జనగామల విత్తనాల దుకాణం నడిపేది. దుకాణం పేరుకే, ఆయన అసలు పని రాజకీయం. మా ఆడబిడ్డ భూపాలపల్లిల ఉండేది, ఆమె పెనిమిటిది అడవి శాఖల నౌకరి. ముగ్గురు పిల్లలల్ల అత్తమ్మ మాతోని ఉండుడు ఎందుకైందంటె, మిగిలిన ఇద్దరు రమ్మనలేదు కాబట్టి అయింది.

ఆమె మొండి మనిషి. నాట్ల కాలంల కూలీల ముందట ఒడ్డు మీద నిలబడి సాయంత్రం దాక నీడకు రాకుండ పని చేయించిన మనిషి. అసువంటామెకు మోకాళ్ళు పట్టుకున్నయి. కూసుంటె లేవలేదు, లేస్తె కూసోలేదు. దొడ్డికి పోవాలంటె గోడ పట్టుకోవాలె. నేను చెయ్యి అందిస్తె పట్టుకునేది కాదు. రోజు పొద్దుగాల ఆముదం కాచి రాసి, ఇటుక వేడి చేసి గుడ్డల చుట్టి కాపడం పెట్టేదాన్ని. అట్ల కాళ్ళు నా ఒళ్ళె పెట్టాల్సి వచ్చినప్పుడు ఆమె ఎటో చూసుకుంట పండ్లు పటపట కొరికేది. ఆ కోపం నొప్పికి కాదని, కోడలి చేతుల పడ్డందుకని నాకు అర్థమయ్యేది.

ఒక చలికాలం బావ బిడ్డ పెండ్లి మాటలున్నయని జనగామ పోయింది. నెల రోజులకు తిరిగొచ్చింది. రైలు దిగేటప్పుడు చెయ్యి చాచిన. అక్కర్లేదన్నది. సంచి చేతుల పట్టుకొని నాకంటె ముందు నడిచింది. నేను స్టేషన్లనే ఆగి చూసిన, అంత ఆశ్చర్యమైంది.

జనగామల బావకు కావలసిన ఒక ఆరెంపీ డాక్టరు ఉన్నడు. ఆయన ఇచ్చిన గోలీలట. చిన్నచిన్న తెల్ల గోలీలు, కాగితం పొట్లంల కట్టి ఇచ్చిండు. చీటి లేదు, పేరు లేదు. పొద్దుగాల ఒకటి, సాయంత్రం ఒకటి. పొట్లం అయిపొయ్యేటాలకు బావ ఎవరో రైల్ల వచ్చేటోళ్ళకు ఇచ్చి ఇంకొకటి పంపేటోడు.

అవి ఏం గోలీలని నేను అడగలేదు. ఎందుకు అడగలేదో కూడ చెప్పాలె. నాకు పని తప్పింది. అత్తమ్మ కట్టెల పొయ్యి ముందట కూసుండి జొన్నరొట్టెలు చేసేది, బియ్యం చెరిగేది, బర్రె పాలు పిండుడు నా చేతులకెంచి గుంజుకున్నది. మధ్యాహ్నం పూట నేను ఒక గడియ కాళ్ళు చాపుకొని వారపత్రిక చదువుకునేదాన్ని. పెండ్లయినంక అట్ల చదువుకున్నది అప్పుడే. ఆ గడియ పోతదేమోనన్న భయం నాకు లోపల ఉండె. అందుకనే అడగలేదు.

ఆ ఏడు శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతరకు పోయినం. అంతకు ముందేడు వాకిలి దాటలేని మనిషి గుడి చుట్టు తిరిగింది. చుట్టాలందరు అక్కడ్నే కలిసిన్రు. అత్తమ్మ బుగ్గలు నిండి ఎర్రగ మెరుస్తున్నయి. "కోడలంటె గిట్లుండాలె. మొఖం చూడుండ్రి, నిండు చందమామ లెక్కున్నది" అని వరుసకు చిన్నత్త ఒకామె పదిమందిల అన్నది. నాకు ఇంత పొంగు వచ్చింది. ఏం లేదు, ఇంట్ల తిండి తింటుంది అని సిగ్గుపడుకుంట చెప్పిన. ఆ తిండికి ఆ మొఖానికి సంబంధం లేదు. నాకు మాత్రం ఆ మాట కావాలె, తీసుకున్న.

ఆ తర్వాత ఒక్కొక్కటి బయటపడుడు మొదలైంది. ముందుగాల రైకలు. దర్జీ కాడికి రెండుసార్లు తీసుకపోయి కుట్లు విప్పిచ్చిన. మొఖం, పొట్ట పెరిగినయి గాని చేతులు, పిక్కలు సన్నబడ్డయి. మెడ వెనుక గూను లెక్క కండ లేచింది. ఆమెకు ఆకలి ఆగకపొయ్యేది. అన్నం తిన్న గంటకు మళ్ళ గంజి అడిగేది. ఎప్పుడూ తక్కువ మాట్లాడేటామె ఎడతెగకుండ మాట్లాడేది, చిన్నదానికి పెద్దదానికి కసిరేది, నిద్ర పడుతలేదనేది. దొడ్లె ఆమె ఒంటికి కూసున్న చోట చీమలు పట్టినయి. పల్లెకు పొలం చూడ పోయినప్పుడు మడిమెకు ముల్లు గుచ్చుకుంటె ఆ పుండు నెలయినా మానలేదు.

చేతుల మీద నల్లటి మచ్చలు లేచినయి. గాజులు ఒరుసుకున్నా కమిలిపొయ్యేది. తోలు ఉల్లిపొర లెక్క అయింది. ఒకనాడు పక్కింటామె పాల కోసం వచ్చి ఆ మచ్చలు చూసింది. నన్ను చూసింది. మరునాటి నుంచి మా వాకిట్ల నిలబడి అత్తమ్మతోని మెల్లగ మాట్లాడేది, నేను రాంగనే ఆపేది. నేను కొడుతున్ననని అనుకున్నదని నాకు తెలిసింది. అత్తమ్మ కాదనలేదు. అవుననలేదు కూడ.

శ్రావణంల భూపాలపల్లి పోయింది, బిడ్డ కాడ కొన్ని రోజులుంటనని. పరకాల దాటినంక అప్పట్ల అంత అడివే. వానలు గట్టిగ కొట్టి వాగులొచ్చి బస్సులు బందయినయి. ఆమె తీసుకపోయిన పొట్లం అయిపోయింది. రోడ్డు తెరుచుకోంగనే ఆడబిడ్డ పెనిమిటి జీపుల తెచ్చి మా ఇంట్ల దింపిండు. మనిషి వాలిపోయి ఉన్నది. వాంతులు, నిలబెడితె పడిపోవుడు. మా నీళ్ళు పడలేదని ఆయన చెప్పి పోయిండు. అత్తమ్మ నా చెవుల చెప్పిన మొదటి మాట, పెట్టెల చీరెల కింద ఇంకో పొట్లం ఉన్నది తే అని. తెచ్చిచ్చిన. రెండు ఒకేసారి మింగింది. మూడోనాటికి లేచి కూసుండి పప్పు తోని అన్నం తిన్నది. మందంటె గట్లుండాలె అన్నడు మా ఆయన.

నాకు మాత్రం అప్పుడే మొదటిసారి భయమైంది. మా మేనమామ తాగుతుండె. పొద్దుగాల చేతులు వణికి, సారా కడుపుల పడంగనే సక్కగయ్యేటోడు. అత్తమ్మ ఆ గోలీలకు అట్ల మరిగిందనుకున్న. ఇంట్లోళ్ళు మా మేనమామను అర్రల పెట్టి తాగుడు మాన్పిచ్చిన్రు. నాలుగు రోజులు కొట్టుకున్నడు, అయిదోనాడు తేరుకున్నడు. ఆ పోలికే నన్ను చెడగొట్టింది.

నేను గోలీలు లెక్కపెట్టుడు షురూ చేసిన. రోజుకు రెండు పోవాల్సినవి నాలుగు, అయిదు పోతున్నయి. వక్కల సంచి ఉతకబోతె అడుగున తెల్లపిండి అంటుకొని ఉన్నది. విడిగ కూడ దాచుకుంటున్నదని తెలిసింది. ఒకనాడు ఎదురుంగ కూసుండి అడిగిన. అత్తమ్మా, రోజుకు రెండే కద చెప్పింది, ఎందుకు ఎక్కువ మింగుతున్నరు అన్న.

ఆమె చెరుగుతున్న చాట పక్కకు పెట్టింది. "నీకేం ఎరుక పిల్లా. గీ గోలీ లేకుంటె నేను నీ చేతుల పడి ఉండాలె. గది నాకొద్దు."

మళ్ళ చాట అందుకున్నది.

నాలుగు గోలీలు కాగితంల చుట్టుకొని స్టేషన్ రోడ్డుల ఒక డాక్టరు కాడికి పోయిన. ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ప్రాక్టీసు పెట్టిండు. మా అత్తమ్మ గీ గోలీలు మింగుతున్నది సారు, మొఖం ఉబ్బింది, చేతులు కములుతున్నయి, గివి ఏం గోలీలు అని అడిగిన. ఆయన గోలీలా, గోలీకాయలా అన్నడు. కంపౌండరు మొఖం పక్కకు తిప్పి నవ్విండు. కూసున్న పేషెంట్లు కూడ నవ్విన్రు. డాక్టరు కాగితం విప్పి చూసి, ఎవడిచ్చాడమ్మా ఇవి, తీసుకెళ్ళి పారెయ్యండి అన్నడు. అని ఇంకొకరిని పిలిచిండు.

పారేస్తె ఏమైతదో అడగాలని నోటిదాక వచ్చింది. కాని నా మాటకు మళ్ళ నవ్వుతరని చెవులు మండుతున్నయి. బయటికొచ్చిన. సభలల్ల, రోడ్ల మీద మా భాష, మా నౌకర్లు అని గొంతు చించుకున్నదాన్ని, ఇంకొక్క మాట అడగడానికి ఆ బల్ల ముందట నిలబడలేకపోయిన. ఈ సంగతికి ఆయన మీద ఎంత కోపమున్నదో నా మీద కూడ అంతే ఉన్నది.

ఇంటికొచ్చి పొట్లాలన్ని వెతికి మోరీల పారబోసిన. మా ఆయన ఆఫీసు పని మీద క్యాంపు పోయి ఉన్నడు. అత్తమ్మ మొదటిరోజు తిట్టింది. రెండోనాడు బతిమాలింది, నా గదవ పట్టుకొని ఒక్కటియ్యి బిడ్డా అన్నది. ఆమె నన్ను బిడ్డా అని పిలిచింది అప్పుడొక్కసారే. నేను ఇయ్యలేదు. నాలుగు రోజులు ఓర్చుకోవాలె అని చెప్పిన, మా మేనమామను తలుచుకొని. మూడోనాడు తిట్టుడు ఆపింది. అన్నం ముందట పెడితె చూడలేదు. మెత్తబడుతున్నది, దారికొస్తున్నది అనుకున్న. అయిదోనాడు పొద్దుగాల పొయ్యి కాడ కూలబడ్డది. ఒళ్ళంత చల్లటి చెమట. పిలిస్తె పలుకలేదు.

రిక్షాల వేసుకొని సర్కారు దవాఖానకు పోయిన. అక్కడ కొత్తగ వచ్చిన డాక్టరమ్మ ఉన్నది, వరంగల్ పిల్ల. నాడి చూసుకుంటనే, ఏమన్న గోలీలు మింగుతుండెనా, ఎన్ని రోజులసంది అని అడిగింది. రెండేండ్లు అని చెప్పిన. ఇప్పుడు మింగుతలేదా అన్నది. నేనే పారేసిన మేడం అన్న. ఆమె నన్ను ఒక్కసారి చూసి నర్సును ఉరికిచ్చింది. సూదిమందు ఇచ్చి సెలైను పెట్టిన్రు. సాయంత్రానికి అత్తమ్మ కండ్లు తెరిచింది. ఆ సూదిల ఉన్నది కూడ ఆ గోలీల మందేనని డాక్టరమ్మ చెప్పింది.

వరండాల నిలబెట్టి నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. "మన ఒళ్ళు ఆ మందు కొంచెం కొంచెం తనంతట తనే చేసుకుంటదక్కా. ఇన్ని రోజులు బయట నుంచి పోసేటాలకు చేసుకునుడు మరిచిపోయింది. ఒక్కసారి గుంజేస్తె మనిషి దక్కదు. మెల్లమెల్లగ దింపాలె." మొఖం ఉబ్బినప్పుడే, ఆకలి పెరిగినప్పుడే, తోలు కమిలినప్పుడే పట్టుకోవాల్సిందని కూడ అన్నది. చక్కెర జబ్బు వచ్చిందని, పుండు అందుకే మానలేదని చెప్పింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అక్కా అని పిలిచి అన్ని చెప్పింది. అప్పుడు ఏడ్చిన, అంతవరకు ఏడ్వలేదు.

మరునాడు బావ జనగామ నుంచి వచ్చిండు. వెంట ఆ ఆరెంపీని కూడ తెచ్చిండు. మా దిక్కు తమ్ముని పెండ్లాం బావతోని ఎదురుంగ మాట్లాడదు. నేను వార్డు తలుపు వెనుక నిలబడి ఉన్న. నాకు ఇనబడాలనే గట్టిగ మా ఆయనతోని అన్నడు. "మందు బందు పెట్టి అవ్వను సంపుదామనుకున్నదా నీ పెండ్లాం?"

మా ఆయన క్యాంపు నుంచి వచ్చి బట్టలు కూడ మార్చుకోలేదు. నేల దిక్కు చూసిండు. అంతే.

ఆ ఆరెంపీ తప్పు తనది కాదన్నడు. మనిషి నొప్పికి ఏడుస్తుంటె నొప్పి లేకుండ చేసిన, కోడలు ఎక్కువ మింగనిస్తె నేనేం చేయాలె అన్నడు. డాక్టరమ్మ వచ్చి బావకు సంగతంత చెప్పింది. ఆయన చేతులు కట్టుకొని సరే మేడం, అట్లనే మేడం అన్నడు. ఆమె అటు పోంగనే, నిన్నమొన్నటి పిల్ల అని తీసిపారేసిండు. ఆరెంపీని ఆయన ఏమంటడు. పల్లె పల్లె తిరిగే మనిషి, సూదేసిన ప్రతి ఇంట్ల బావ పార్టీ ఓటు గుర్తు చూపెట్టి వచ్చేటోడు. అవ్వ మొఖం కంటె అది పెద్దది.

అప్పటి నుంచి ఆ గోలీలు నేనే ఇయ్యాల్సి వచ్చింది. డాక్టరమ్మ రాసిచ్చిన చీటి గోడకు అంటించుకొని, బ్లేడుతోని గోలీని సగం, సగంల సగం కోసి ఇచ్చేదాన్ని. ఎనిమిది నెలలు. మొఖం మెల్లగ దిగింది. మోకాళ్ళ నొప్పి మాత్రం మొత్తానికి మొత్తం తిరిగొచ్చింది. మళ్ళ ఆముదం, మళ్ళ ఇటుక. అత్తమ్మకు నేను గోలీల దొంగను. ఇంటికి ఎవరొచ్చినా నా కోడలు నా మందు దాచిపెట్టి నొప్పికి సంపుతుంది, మీరన్న తెచ్చిపెట్టుండ్రి అని చెప్పుకునేది. తెచ్చిచ్చిన్రు కూడ. ముసలామె అడిగితె కాదనలేకపోయినం అనేటోళ్ళు.

ఆడబిడ్డ భూపాలపల్లి నుంచి వచ్చి రెండు రోజులుండి పోయింది. ఆమె పోయినంక దిండు గలీబుల ఒక పొట్లం దొరికింది. కోపం ఆపుకొని ఉత్తరం రాసిన, డాక్టరమ్మ చెప్పిన మాటలన్ని వివరంగ రాసిన. నీకు చాకిరి బరువైతె చెప్పు, అవ్వను మేం తీసుకపోతం అని జవాబొచ్చింది. నాకు బరువుగనే ఉన్నది, తీసుకపోండ్రి అని రాసిన. దానికి మళ్ళ జవాబు రాలేదు.

పందొమ్మిది వందల ఎనభై దాటినంక, ఒక పొద్దుగాల అత్తమ్మ తలకు పోసుకొని పీట మీద కూసోబోయి కొంచెం పక్కకు ఒరిగింది. పడ్డదని కూడ అనరాదు. తుంటి బొక్క ఇరిగింది. బొక్కలు సుద్ద లెక్క అయినయని, ఆ గోలీలు లోపల్నే తినేసినయని చెప్పిన్రు. డాక్టరమ్మ అప్పటికి బదిలీ అయిపోయింది. మూడు నెలలు మంచంల ఉన్నది. దేనికి భయపడి ఆ గోలీలు మింగిందో అదే జరిగింది. అన్ని నా చేతుల మీదనే. నేను ఒళ్ళు తుడుస్తుంటె కండ్లు మూసుకునేది. అయిపోయిందని చెప్తె తెరిచేది. మా ఇద్దరి మధ్య ప్రేమ ఏం పుట్టలేదు. కసి మాత్రం తగ్గింది, ఆమెకు ఓపిక లేక, నాకు తీరిక లేక. వానకాలం రాకముందే పోయింది.

పదకొండోనాడు చుట్టాలందరు వచ్చిన్రు. అవ్వ ఎంత మంచిగ తిరిగేది, మందు మాన్పిచ్చినంకనే మంచం పట్టింది అని బావ పందిట్ల కూసుండి చెప్తున్నడు. అందరు తల ఊపుతున్నరు. మా ఆయన ఇస్తరాకులు అందిస్తున్నడు.

అప్పుడు అత్తమ్మ చెల్లె వరుస ముసలామె ఒకామె నన్ను ఇంటి వెనుకకు పిలిచింది. గోడ పట్టుకొని వచ్చింది. చుట్టు చూసి మెల్లగ, మా అక్క మింగిన మోకాళ్ళ గోలీలు ఏమన్న మిగిలినయా బిడ్డా అని అడిగింది.

ఆమెను బాయి గట్టు మీద కూసోబెట్టి మొత్తం చెప్పిన. మొఖం ఉబ్బుడు, చీమలు, పుండు, బొక్క ఇరుగుడు, ఏది విడవలేదు. ఆమె అంత ఇన్నది. ఇని, ఇయ్యబుద్ధి గాకుంటె ఇయ్యకు, గింత కథ ఎందుకు అన్నది. మళ్ళ గోడ పట్టుకొని పందిరి దిక్కు పోయి బావ ముందట నిలబడ్డది. జనగామ రా చిన్నవ్వా, నేను డాక్టరుకు చెప్త అన్నడు బావ.

నేను పందిట్లకు పోయిన. మొదటిసారి ఆయన మొఖం చూసి మాట్లాడిన. "బావా, ఈమెకు ఇప్పియ్యకుండ్రి. మన ఇంట్ల ఒక మనిషి పోయింది, చాలు."

బావ మా ఆయన దిక్కు చూసిండు. మా ఆయన చేతుల ఇస్తరాకులు పట్టుకొనే, లోపటికి పో అని నాతోని అన్నడు. పోయిన.

ఆ ముసలామె ఏడాది దాక మంచిగ తిరిగిందట, తర్వాత మంచం పట్టిందట. మా ఆయన ఒకనాడు అన్నం తినుకుంట చెప్పిండు. ఎందుకు పట్టిందో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. పచ్చిపులుసు ఇంకొంచెం పొయ్యమన్నడు.